సూది నాలుగుగా కనిపిస్తే తప్పు కళ్ళదేనా?

మా తగరపువలస ఇంట్లో వెనక గది అమ్మీ సల్తనత్. అక్కడ ఆమె కుట్టు మిషన్ ఉంటుంది. అబ్బా నౌకరీ పోయిన రోజుల్లో మా ముగ్గురి స్కూలు ఫీజులూ, ఈద్ బట్టలూ ఆ మిషన్ మీదే గడిచాయి. ఇప్పుడు అమ్మీకి డెబ్బై దాటాయి. రెండు కళ్ళకీ మోతియాబింద్ ఆపరేషన్ అయింది. అయినా మగ్రిబ్ తర్వాత రెండు గంటలు మిషన్ దగ్గర కూర్చోకపోతే ఆమెకి అన్నం సయించదు. చిట్టివలస నుంచి, సంగివలస నుంచి ఇప్పటికీ ఆడవాళ్ళు షల్వార్ కమీజ్‌లు కుట్టమని ఆమె దగ్గరికే వస్తారు.

తమ్ముడి షాదీకి ఆ గదికి ఫాల్స్ సీలింగ్ వేయించి, అందులో ఆరు హాలోజెన్ బత్తీలు పెట్టించాం. ఒక్కోటి 12 వోల్టులది, 50 వాట్లది. రోష్నీ మాత్రం మాషాఅల్లా, బంగారంలా ఉండేది. వేడి కూడా అలాగే. మే నెలలో ఆ గదిలో కూర్చుంటే తందూర్‌లో కూర్చున్నట్టే. ఆరు కలిపితే 300 వాట్లు. కరెంటు బిల్లు చూసినప్పుడల్లా తమ్ముడు లాహౌల్ చదువుకునేవాడు.

మా వైపు జనానికి ఎల్ఈడీ మీద భరోసా కలిగింది తుఫాను తర్వాతే అనుకుంటాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది. (ఆ పేరు పెట్టింది ఒమాన్ దేశం. సులైమాన్ అలైహిస్సలాం దగ్గర ఖబర్లు మోసిన పిట్ట పేరు. మా ఖబర్ల వృత్తి వాళ్ళకి ఆ పిట్ట పూర్వీకురాలే మరి!) ఆ తర్వాత నగరంలో పచ్చటి సోడియం దీపాలు తీసేసి 90 వేలకు పైగా ఎల్ఈడీ వీధి దీపాలు వేశారు. వీధే మారినప్పుడు ఇల్లెందుకు మారకూడదన్నాడు తమ్ముడు.

రమ్జాన్‌కి ముందు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పాత హాలోజెన్లు పీకి, అవే హోల్డర్లలో 5 వాట్ల ఎల్ఈడీలు గుచ్చి వెళ్ళాడు. ఆ రాత్రే ఆరూ కన్ను కొట్టడం మొదలుపెట్టాయి. పిల్లలకి ఖుషీ, గదిలో డిస్కో వచ్చిందని. బల్బులు ఖరాబ్ అన్నాడతను. వేరేవి పెట్టినా అదే తమాషా.

ఇలాంటప్పుడు ముందు అడగాల్సిన సవాల్ ఒకటుంది: ఇల్లంతా ఆడుతోందా, ఆ ఆరేనా? ఇల్లంతా ఒకసారి వెలిగి ఒకసారి మసకబారుతుంటే, ఫ్యాన్లూ ఫ్రిజ్జూ కూడా తేడాగా ఉంటే, న్యూట్రల్ వైరు లూజ్ అయిందేమో చూడాలి. అది ఇల్లు తగలబెట్టగలదు. మెయిన్ దించేసి 1912కి ఫోన్ చేయాల్సిందే. మా ఇంట్లో మిగతావన్నీ సలామత్‌గానే ఉన్నాయి, ఆ ఆరే తప్ప.

ఎంసీబీ దించి, సీలింగ్ రంధ్రంలోంచి ఒక డబ్బా బయటికి లాగించాను. 230ని 12 చేసే ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్ అది. దాని మీద చిన్న అక్షరాలతో 20 నుంచి 60 వాట్లు అని రాసి ఉంది. అంటే కనీసం 20 వాట్ల బరువు లేనిదే అది సరిగా నడవదు. మనం దానికి ఇచ్చింది 5. అది మొదలవుతుంది, ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. గోడ మీది తిప్పే డిమ్మర్‌ది కూడా ఇదే కథ, అదీ పెద్ద బరువుకి తయారైందే. డబ్బాలూ డిమ్మరూ తీయించి, నేరుగా 230తో వెలిగే ఎల్ఈడీ లైట్లు పెట్టించాడు తమ్ముడు, సస్తాగా దొరికినవి. కన్ను కొట్టడం ఆగిపోయింది. అల్‌హమ్దులిల్లా అనుకున్నారంతా.

వారం తర్వాత అమ్మీ మిషన్ మీద పాత దుపట్టా కప్పేసింది. కుట్టడానికి తీసుకున్న బట్టలు ఎవరివి వాళ్ళకి తిరిగి పంపేసింది. మా మరదలితో, "ఈ మిషన్ ఎవరైనా గరీబ్ పిల్లకి ఇచ్చేద్దాం" అందట. తమ్ముడు ఉమర్ అయిపోయిందిలే అన్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుని అడిగితే చాలాసేపు చెప్పలేదు.

"క్యా బోలూఁ బేటా, సూయీ చార్ చార్ దిఖ్‌రీ" అంది చివరికి. మిషన్ నడుస్తుంటే ఒక్క సూది నాలుగై కనిపిస్తోందట. ఆపరేషన్ చెడిపోయిందని, చూపు పోతోందని ఖాయం చేసుకుంది. మళ్ళీ మాకు ఖర్చు ఎందుకని చెప్పలేదు.

కంటి డాక్టర్ చూసి, చూపు బాగుందన్నాడు. దారిలో అడిగాను, పగలు కుడితే ఎన్ని సూదులమ్మీ? కాసేపు ఆలోచించి, "పగలు ఒకటే" అంది. కళ్ళకి గడియారం తెలియదు కదా.

ఇంటికొచ్చి లైట్లు వేసి ఫోన్ కెమెరా సీలింగ్ వైపు పెట్టాను. తెర మీద నల్లటి చారలు పాకుతున్నాయి. ఆ వెలుగులో పెన్సిల్ అటూ ఇటూ ఊపితే అయిదారు పెన్సిళ్ళు కనిపించాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, దాని వెలుగు సెకనుకి 100 సార్లు పడి లేస్తుంది. హాలోజెన్‌లో తీగ కాలి ఉంటుంది, పొయ్యి ఆపినా వేడి తగ్గని తవాలాగా. అందుకే దాని వెలుగు పెద్దగా తగ్గదు. ఎల్ఈడీకి ఆ తవా లేదు. లోపలి డ్రైవర్ ఆ ఎగుడుదిగుళ్ళని నునుపు చేయాలి. సస్తా మాల్‌లో ఆ నునుపు చేసే కెపాసిటర్ దగ్గరే కంజూసీ చేస్తారు. మామూలుగా చూస్తే తెలియదు. కదిలే సూది మీద తెలుస్తుంది. కొందరికి తలనొప్పిగా తెలుస్తుంది.

ఈసారి దుకాణానికి నేనే వెళ్ళాను. ప్రతి లైటూ వెలిగించమని, కెమెరా పెట్టి, పెన్సిల్ ఊపి చూశాను. "సార్, లైటు కొంటున్నారా, అల్లుణ్ణి చూస్తున్నారా?" అన్నాడు దుకాణదారు. నాలుగో రకం లైటు దగ్గర చారలు పోయాయి. అవే ఆరు తెచ్చాం. మర్నాడు ఇషా లోపలే అమ్మీ దుపట్టా తీసేసింది, తిరిగి పంపిన బట్టల కోసం మరదల్ని పరిగెత్తించింది.

ఇంకో చిన్న చిక్కు మిగిలింది. స్విచ్ ఆపినా ఒక లైటు మసకగా వెలుగుతోంది, జిన్ వచ్చిందని తమ్ముడి కూతురు గది దాటడం మానేసింది. స్విచ్‌లోని ఎర్ర ఇండికేటర్ గుండా జారే కొంచెం కరెంటు పని అది. కొన్ని ఇళ్ళల్లో స్విచ్‌ని ఫేజ్‌కి బదులు న్యూట్రల్ మీద పెట్టడం వల్ల కూడా ఇలా వెలుగుతుంది. అది మాత్రం ప్రమాదమే, ఆపిన లైటులోనూ కరెంటు ఉంటుంది. మాది ఇండికేటరే. స్విచ్ మార్చగానే జిన్ రుఖ్సత్ అయింది.

మార్చింది ఆ ఎలక్ట్రీషియనే. పని అయ్యాక పాత డబ్బాలు సంచీలో వేసుకుంటూ, "అన్నా, ఆ చారల వీడియో నాకూ పంపు. ఇంకో రెండిళ్ళల్లో ఇదే గోల" అన్నాడు.