సబర్‌కు ఎన్ని మార్కులు?

మొన్న మాకో ఫారం వచ్చింది. ఇంట్లో కూర్చొని ఫోన్లో చదివిన డిగ్రీతో మీరెంత తృప్తిగా ఉన్నారు, ఐదుకు ఎన్ని మార్కులేస్తారు అని అడిగారు. జగిత్యాలలో ఒకరం, కోరుట్లలో ఒకరం, సిరిసిల్లలో ఒకరం. ఒకరినొకరు అడగకుండానే ముగ్గురం నాలుగు వేశాం. వేశాక ఆలోచనలో పడ్డాం.

మాకు కృతజ్ఞత లేదని కాదు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో పుట్టింది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇంటర్ లేనోళ్లకు కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్న తలుపు అది. బడి మానేసి బీడీల చాట ముందు కూర్చున్న మా ఖాలాలు కొందరు ఆ తలుపులోంచే నడిచారు. బుర్ఖా వేసుకొని బస్సెక్కి ఆదివారం క్లాసులకు పోయారు. మాదిగ పిల్ల, పద్మశాలి పిల్ల పక్కన కూర్చొని డబ్బా మూత తీశారు. డిగ్రీ కాగితం సందుగులో ఉంది. వాళ్లు ఈనాటికీ చెప్పేది ఆ ఆదివారాల గురించే.

మా వంతుకు చదువు ఫోన్లోకి వచ్చింది. 2020లో కరోనా వచ్చాక ఇక అదే దారన్నారు. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో గుర్తింపుతో పొందిన డిగ్రీ కూడా రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022లో యూజీసీ ప్రకటించింది. కాగితం సమానమే. చదివిన తీరో?

కోరుట్లలో చేతులు తునికాకు మీద, చెవి ఆర్థికశాస్త్రం మీద. సిరిసిల్లలో పక్కింటి సాంచాల చప్పుడు ఆగితే తప్ప పాఠం వినపడదు. జగిత్యాలలో ఫోన్ దుబాయి నుంచి భాయి పంపింది. తమ్ముడి ఆట అయిపోయాకే మా చేతికొస్తుంది. మూడేళ్లు కలిసి చదివినోళ్లం, కరీంనగర్‌లో పరీక్ష రాయడానికి పోయినప్పుడు గానీ ఒకరి మొఖం ఒకరం చూసుకోలేదు.

ఇంకో బాధ భాష. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. బడిలో చదివింది తెలుగు. 1998లో హైదరాబాద్‌లో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది, దూరవిద్య కూడా పెట్టింది. కానీ ఆ లిపి మాకు రాదు. తెలుగు పాఠంలోని సంస్కృతం మాటలు మా ఇంట్లో ఎవరికీ తెలియవు. క్లాసులో అయితే పక్క పిల్లను అడిగేవాళ్లం. ఫోన్‌ను ఏమడుగుతాం? ఇంతా చేసి బయటికెళితే 'మీకు తెలుగు బాగానే వస్తుందే' అంటారు. ఈ మట్టిలో పుట్టినోళ్లకు తెలుగు రాక ఏం వస్తుంది?

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. 'గడప దాటకుండా చదువుకోవచ్చు' అన్న ఒక్క మాటకే అబ్బా ఒప్పుకున్నాడు. ఆ మాటే మాకు చదువిచ్చింది. ఆ మాటే తాళమైంది. 2022లో కర్ణాటకలో తలమీది గుడ్డ చూసి కాలేజీ గేట్లు మూశారు. ఆ వార్త చూసి మా ఇళ్లలో 'చూశారా, ఫోన్ చదువే నయం' అన్నారు. బయట గేటు మూసినోళ్లు, లోపల తలుపు మూసినోళ్లు ఒకరికొకరు తెలియకుండానే ఒక్కటయ్యారు. సెక్యులర్ మిత్రులూ, 'మీవాళ్లు ఆడపిల్లల్ని పంపరు కదా' అని మీరు జాలిపడతారు. పంపిన రోజున మీ గేటు తెరిచి ఉంటుందా? ఆ మాట కూడా చెప్పండి.

అమ్మీలు మాకు నేర్పిన మొదటి పాఠం సబర్. అన్నం తక్కువైనా సబర్, మాట పడ్డా సబర్. అసలేమీ దొరకని చోట కొంచెం దొరికితే నాలుగు మార్కులు వేసే చెయ్యి అట్లా తయారైంది. మేం వేసిన మార్కులు తృప్తికి కాదు, సబర్‌కు.

మొన్న ముగ్గురం మా మా ఇళ్లలో ఒకే మాట చెప్పాం. పీజీ మాత్రం రోజూ పోయే కాలేజీలోనే చదువుతామని. అబ్బాలు ఇంకా నోరు విప్పలేదు. రాత్రి అన్నాల దగ్గర మళ్లీ అడుగుతున్నాం.