దుర్గాబాయమ్మగారి బడి

మా తాతగారు నాకు ఐదవయేట అమరము మొదలుపెట్టించిరి. పండ్రెండేండ్లు వచ్చునప్పటికి తిక్కనగారి విరాటపర్వమును ఆయన యెదుట కూర్చుండి చదివి యర్థము చెప్పగలిగితిని. బడికి మాత్రము పంపలేదు. నా యీడు బాలికలందరును సంచులు తగిలించుకొని బడికి పోవుచున్న దినములలో నేనొక్కతెను ఆయన చాదస్తమునకు చిక్కితిని. ఆయనను నిందించుట లేదు. ఆయన పెట్టిన భిక్షయే నేటికిని నా నోట పలుకుచున్నది. అయినను ముప్పదియైదేండ్ల వయస్సున, ఒక ఉపాధ్యాయుని యిల్లాలనై యుండియు, నా పేర నొక్క పరీక్షాపత్రమైనను లేదు. బ్యాంకు కాగితములలో ‘విద్యార్హత’ యను గడి కనబడినపుడెల్ల నా కలము నిలిచిపోవును.

పోయిన వేసవిలో మా వీథి చివర కుట్టుపనితో కాలము గడుపు నొక సోదరి మా యింటికి వచ్చినది. భర్త పోయి రెండేండ్లయినది, ఇద్దరు పిల్లలు. “అక్కగారూ, ఓపెన్ స్కూలులో పదో తరగతి పరీక్షకు కట్టాలనుకుంటున్నాను. రాత్రిపూట కాస్త చదువు చెబుతారా?” అని యడిగినది. “నాకే పరీక్షా లేదమ్మా, నీకేం చెప్పగలను? మాస్టారికి తీరికున్నప్పుడు అడుగుతాలే” అని పంపివేసితిని. వినువారికి వినయమువలె తోచును గాని అది వినయము కాదు. ఆమె తలవంచుకొని గేటు వేసికొని పోవుచుండగా నాకే తెలిసినది.

మా వారు లోపలినుండి అంతయు వినిరి, ఏమియు ననలేదు. మరునాడు బడి గ్రంథాలయమునుండి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితమును గూర్చిన పుస్తకమొకటి తెచ్చి, వంటింటి గూటిలో ఉప్పుడబ్బా ప్రక్కన పెట్టి పోయిరి. వారి యుపదేశములన్నియు ఈ తీరుననే యుండును.

దుర్గాబాయమ్మగారు 1909వ సంవత్సరమున రాజమహేంద్రవరమున పుట్టిరి, పెరిగినది కాకినాడలో. ఎనిమిదవయేట పెండ్లి చేసిరి. పరికిణీలు కట్టు ప్రాయముననే తాము నేర్చుకొన్న హిందీని ఇతర స్త్రీలకు నేర్పుటకు ఒక బడి పెట్టిరి. ఈ మాటయొద్దనే నేను పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిని. ఆ పిల్ల యే పరీక్ష నిచ్చి పంతులమ్మ యయినది? తాను నిన్న నేర్చినది నేడు మరియొకతెకు చెప్పినది, అంతియే.

1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చినపుడు, దేవదాసీ స్త్రీలతోను ఘోషాలోనున్న ముస్లిం స్త్రీలతోను ఆయన మాటలాడవలెనని యీ బాలిక పట్టుపట్టి, యందుకు నిధిని గూడ కూర్చి యాపని సాధించినది. ఆ స్త్రీలను సభకు పిలువవలెనని పెద్దలకు తోచని కాలమది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభనాడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున కాపుండి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే నిలిపివేసిన ముచ్చట మీరందరును వినియేయుందురు. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతనే లోపలికి విడిచినది. మా చిన్నవాడు ఈ కథను నాచేత మూడుసార్లు చెప్పించుకొన్నాడు.

1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని వారు చెరసాలకు పోయిరి. అక్కడ అక్షరము తెలియని ఖైదీ స్త్రీలను చూచిరి. చట్టము తెలియక, తమ పక్షమున పలుకువారు లేక శిక్ష లనుభవించుచున్న వారి దుఃఖమే తమ్ము న్యాయశాస్త్రమువైపు త్రిప్పినది. కాని ప్లీడరు కావలెనన్న ముందు మెట్రిక్యులేషన్ కావలెను గదా! ఇరువదియేండ్లు దాటిన పిమ్మట పుస్తకములు పట్టి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ ముగించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున స్త్రీలకు వసతిగృహము లేదనగా, పత్రికలో ప్రకటన వేయించి చదువగోరు బాలికలను తామే కూడగట్టిరి. తరువాత మదరాసున న్యాయశాస్త్రము చదివి 1942లో న్యాయవాదినియైరి. ఈ నడుమనే, తాము ఇంకను విద్యార్థినిగా నుండగనే, 1937లో మైలాపూరున ఆంధ్ర మహిళాసభ వెలసినది. చదువు మానివేసిన స్త్రీలను కాశీ మెట్రిక్యులేషనుకు సిద్ధపరచుట అక్కడి తొలి పనులలో నొకటి. తాము ఎక్కిన మెట్టుమీదనుండి వెనుకకు చేయి చాచిరి.

తరువాతి పదవుల పట్టికను తొందరగా దాటుచున్నాను. అవి యెల్ల పుస్తకములలోను దొరకును. 1946లో రాజ్యాంగసభ సభ్యురాలు. ప్రణాళికా సంఘ సభ్యురాలు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. ఆ యేడే చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడిరి. 1975లో పద్మవిభూషణ బిరుదము; 1981 మే 9న మరణము. రాజ్యాంగసభలో ఒక్క సంగతి మాత్రము నాకు ముచ్చట గొలిపినది: రాజ్యసభ సభ్యత్వమునకు ముప్పదియైదేండ్లుండవలెనని ముసాయిదాలో నుండగా, ముప్పది చాలునని సవరణ తెచ్చి నెగ్గించుకొనిరి. ముప్పదియైదు నా వయస్సే గదా!

ఇన్ని వృత్తులను చూచి నాకు మొదట విరాటపర్వము స్ఫురించినది. ద్రౌపది సైరంధ్రియైనది, అర్జునుడు నాట్యాచార్యుడైనాడు, భీముడు వంటవాడైనాడు. వారు వేషములు మార్చినది దాగుటకు. ఈమె యేవృత్తిలో నున్నను దాగలేదు. ఆ వృత్తు లన్నిటను మొదటి హిందీ బడియే కనబడుచున్నది. 1958లో సంక్షేమ మండలి పక్షమున పెద్ద స్త్రీలకు తక్కువకాలపు చదువులను నెలకొల్పినపుడును, అదే బడి.

అన్నిటికంటె నన్ను కదిలించినది మరొకటి. దుర్గాబాయమ్మగారు వయస్సు వచ్చిన పిమ్మట బాల్యవివాహపు బంధమునందుండ నొల్లక, ఆ భర్తను మరల పెండ్లాడుమని విడిచిరి. ఆయన పెండ్లాడి, కొన్నాళ్లకు మరణించెను. అప్పుడా రెండవ యిల్లాలిని ఈమె తమ సభకు తోడ్కొనివచ్చి, చేతిపని నేర్పించి, ఉపాధ్యాయినిగా నిలువద్రొక్కుకొనునట్లు చేసిరి. ఏ వరుసతో ఆ వితంతువును పిలిచిరో గాని, పిలిచిరి. నేను మా వీథి యాడపడుచును గేటు వరకైనను సాగనంపలేదు.

మరునాటి ప్రొద్దున నేనే ఆమె యింటికి పోయితిని. “ఈ రాత్రినుంచి రా అమ్మా. తెలుగు నేను చెబుతాను. లెక్కలు నాకూ రావు, మాస్టారి దగ్గర ముందు నేను నేర్చుకుని చెబుతాను” అంటిని. ఆమె మిషను ఆపి నావంక చూచి, కుర్చీమీది గుడ్డముక్కలను తీసి కూర్చుండుమన్నది.

ఇది జరిగి యైదు నెలలయినది. రాత్రి ఎనిమిదింటికి, పిల్లల భోజనములైన తరువాత, మా వసారాలో కూర్చుందుము. సంధులు ఆమెకు కొంచెము కష్టముగానే యున్నవి. భిన్నములలో మాత్రము నేనే వెనుకబడితిని. నిన్న ఒకటిన్నరనుండి పావు తీసివేయుటకు నేను కాగితము మీద హారములు సవరించుచుండగా ఆమె నవ్వి, “మీటరున్నర గుడ్డలో పావు మీటరు కత్తిరిస్తే మీటరుంబావు మిగులుతుంది కదా, అక్కగారూ” అన్నది.