సేవ్ చెయ్యని ఫైలు

నవంబరు 18, రాత్రి పదకొండు. డబ్లిన్ దగ్గరి లెపర్డ్స్‌టౌన్‌లో లూవాస్ ట్రాము ఆగే గ్లెన్‌కెయిర్న్ స్టాపు దగ్గర మా అద్దె ఫ్లాటు. నాన్న ఉండే నాగాయలంకలో అప్పటికే తేదీ మారింది, తెల్లవారుజాము నాలుగున్నర. నాన్న ఫోన్ చేశారు. దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు. 1977లో ఆయనకి పంతొమ్మిదేళ్ళు. ఆ రాత్రి సంగతి మేమెవరం అడగలేదు, ఆయనా ఎత్తలేదు. ఇన్నేళ్ళకి తనే ఎత్తారు.

"రాసుకుంటావా?" అన్నారు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, లాప్‌టాప్‌లో కొత్త ఫైలు తెరిచి టైపు చేస్తూ పోయాను. రెండు గంటలు. నీళ్ళు పాక నెత్తిమీంచి వచ్చాయని, తమ్ముణ్ణీ తననీ కలిపి పంచెతో తాటిచెట్టుకి కట్టుకున్నానని, తెల్లారేసరికి పంచె కొస ఒక్కటే చేతిలో ఉందని. నేను ఎప్పుడూ చూడని ఆ చిన్నాన్న పేరు ఆయన నోట వినడం అదే మొదటిసారి.

ఒంటిగంట దాటింది. బ్యాటరీ పాతది, స్లీప్‌లో వదిలేస్తే పొద్దుటికి ఖాళీ. అందుకే పని సగంలో ఉంటే హైబర్నేట్ చేస్తాను. మెమరీలో ఉన్నదంతా డిస్కులోని స్వాప్ భాగంలోకి రాసి, మిషన్ పూర్తిగా ఆగిపోతుంది. మళ్ళీ ఆన్ చేస్తే అక్కడి నుంచి చదువుకుని, వదిలిన చోటే తెరుచుకుంటుంది. రెండేళ్ళుగా ఒక్కసారీ తప్పలేదు. ఫైలుకి పేరు పెట్టలేదు, సేవ్ చెయ్యలేదు.

పొద్దున ఏడు, బయట ఇంకా చీకటే. బటన్ నొక్కాను. ముప్ఫై సెకన్లు నల్ల తెర. రెజ్యూమ్ డివైస్ కోసం చూసి చూసి మానుకున్నానని ఒక లైను. తర్వాత లాగిన్. లోపల ఒక్క విండో కూడా లేదు. కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి.

ఆ లైను నాకు కొత్త కాదు. శనివారం నుంచీ, మామూలుగా షట్‌డౌన్ చేసి తెరిచిన ప్రతి బూట్‌లోనూ కనబడుతోంది. ఆ రోజు మెమరీ 16 జీబీకి పెంచి, పాత 8 జీబీ స్వాప్ తీసేసి పెద్దది చేసుకున్నాను. కొత్త స్వాప్‌కి కొత్త యూయూఐడీ, అంటే గుర్తింపు నంబరు, వస్తుంది. డిస్కు భాగాల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మార్చాను. లినక్స్ బూట్ మొదట్లో నడిచే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో మాత్రం పాత నంబరే ఉండిపోయింది. అది లేని స్వాప్ కోసం ముప్ఫై సెకన్లు వెతికి, దొరక్క, మామూలుగా బూట్ చేసేసింది. నిదానంగా బూట్ అవుతోందనుకున్నానే తప్ప ఎందుకని చూడలేదు.

ఆఫీసుకి సెలవు చెప్పి లాగ్ తెరిచాను. అసలు దెబ్బ అక్కడ ఉంది. స్వాప్‌ని వాడకంలోకి తెచ్చే స్వాప్‌ఆన్ రాసిన ఒకే ఒక్క లైను: సస్పెండ్ డేటా కనబడింది, స్వాప్ సిగ్నేచర్ తిరిగి రాస్తున్నాను. హైబర్నేట్ అయిన స్వాప్ మొదటి పేజీలో ఎస్1సస్పెండ్ అనే గుర్తు, రాసిపెట్టిన మెమరీ ఇమేజ్ ఎక్కడ మొదలవుతుందో ఆ చోటు ఉంటాయి. ఆ గుర్తునే చెరిపి మామూలు స్వాప్ గుర్తు రాసేసింది. నేను పాస్‌వర్డ్ కొట్టేలోపే అయిపోయింది.

సాయంత్రం దాకా పార్టిషన్ మొత్తం గాలించాను. చిన్నాన్న పేరులోని అక్షరాల బైట్లు వెతికాను. ఇమేజ్‌ని కంప్రెస్ చేసి రాస్తుంది కాబట్టి ముక్కలు మిగిలినా అక్షరాలుగా కనబడవు. తెలిసి కూడా వెతికాను. నాలుగున్నరకే చీకటి పడింది. రెజ్యూమ్ ఫైల్లో కొత్త యూయూఐడీ రాసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్ళీ కట్టాను. హైబర్నేట్ చేసి ఆన్ చేశాను. ఖాళీ ఎడిటర్ విండో ఉన్నది ఉన్నట్టు తిరిగొచ్చింది. ఐదు నిమిషాల పని.

నాన్నకి రెండు రోజులు చెప్పలేకపోయాను. మూడోరోజు ఆయనే అడిగారు, "అంతా రాసుకున్నావా?" అని.

"పోయింది నాన్నా. నా తప్పే."

కాసేపు మాట లేదు. "సరేలే, మళ్ళీ చెప్తా" అన్నారు.

ఈసారి ప్రతి పేరాకీ సేవ్ చేస్తూ రాశాను. గాలి చెప్పారు, నీళ్ళు చెప్పారు, పాక కొట్టుకుపోవడం చెప్పారు. తాటిచెట్టు దాకా వచ్చారు. "ఇక తెల్లారింది" అన్నారు. పంచె మాట రాలేదు. నేను అడగలేదు.