ద్రాక్షతోటల రైలు

"అదేదో తాగుబోతుల రైలట కదరా!" అంది మా అమ్మ, తీరా బయలుదేరే ముందు.

కాదని ఎవరం అనగలం? కాలిఫోర్నియాలో నాపా లోయ ద్రాక్షసారాకి పెట్టింది పేరు. పాతకాలపు పెట్టెల్లో కూర్చోబెట్టి, భోజనం పెట్టి, తోటల మధ్య తిప్పి తీసుకొచ్చే రైలొకటి అక్కడ 1989 నుంచీ నడుస్తోంది. సెలవులకి వెళ్ళిన మా కోసం టిక్కెట్లు కొన్నది బావగారు. అమ్మ ససేమిరా అంది. చివరికి అక్కయ్య, "పెట్టెలు 1915 నాటివటే అమ్మా!" అనేసరికి మారుమాట లేకుండా చెప్పులు తొడుక్కుంది. గూడ్సు గార్డు భార్య మరి! బిట్రగుంట రైల్వే క్వార్టర్సులో ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి.

పెట్టె ఎక్కగానే నున్నటి చెక్కగోడని అరచేత్తో నిమిరింది. నాపా నుంచి సెయింట్ హెలీనా వెళ్ళి రావడానికి 36 మైళ్ళు, మూడు గంటలు. "మీ నాన్నగారి గూడ్సు నయం," అంది. కిటికీకి అటూ ఇటూ దువ్వినట్టు ద్రాక్షవరసలు. కొన్నిచోట్ల వరస మొదట్లో గులాబి మొక్క. అవి చూసి ముచ్చటపడింది.

బావగారు తన గ్లాసుని అత్తగారి కంటబడకుండా భోజనాల పట్టీ చాటున పెట్టుకుని, చరిత్ర చెప్పడం మొదలెట్టారు. శామ్యూల్ బ్రానన్ అనే ఆయన కాలిస్టోగాలోని తన వేడినీటి బుగ్గలకి జనాన్ని రప్పించడానికి 1864లో ఈ రైలుదారికి పూనుకున్నాడట. 1920 నుంచి 1933 దాకా దేశమంతటా మద్యనిషేధం వస్తే వైన్ కార్ఖానాలు చాలా మూతపడ్డాయి. కొన్ని మాత్రం చర్చిలో పూజకని వైన్ చేసి బతికి బట్టకట్టాయి.

అమ్మ నవ్వింది. "దాచుకునేవాళ్ళకి చోటే కరువా! మీ నాన్నగారి గార్డు పెట్టెలో, జెండాల అడుగున సీసా వుండేది."

అక్కయ్య చెంచా కింద పెట్టేసింది. నాకు నోట మాట రాలేదు.

రెండేళ్ళ క్రితం మా తమ్ముడు తాగి మా ఇంటికి వచ్చాడు. "చుక్క ముట్టని మనిషి కడుపున చెడపుట్టావురా," అని గుమ్మంలోంచే పంపేశాను. ఆ మాట నాకు ఎంతో గొప్పగా తోచింది కూడాను. పాఠాలు చెప్పే నోరు కదా! అప్పటినుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. ఆ వేళ అమ్మ వంటింట్లోనే వుంది. పల్లెత్తు మాట అనలేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"చచ్చి స్వర్గాన వున్న మనిషి. నీకా, ఆయనంటే దేవుడాయె." కిటికీలోంచి చూస్తూనే చెప్పుకుపోయింది. "మానేస్తానని ఎన్ని ఒట్లు పెట్టారో! రిటైరయ్యే నాటికి మానేశారులే. ఏ రాత్రివేళ వచ్చినా, ఎలా వచ్చినా, తలుపు మాత్రం నేనే తీసేదాన్ని."

బావగారి గ్లాసు పట్టీ చాటునే వుండిపోయింది. అమ్మే చెయ్యి చాచి దాన్ని ఆయన ముందుకి జరిపింది. "వెచ్చబడిపోతుందేమో, తీసుకోండి నాయనా."

సెయింట్ హెలీనా దగ్గర రైలు వెనక్కి మళ్ళింది. నేను ఫోను పైకి తీసి, మళ్ళీ జేబులో పెట్టాను.

"అక్కడిప్పుడు ఎంతయిందిరా?" అంది అమ్మ.

"రాత్రి ఒకటిన్నర."

"అయితే పడుకునుంటాడు. తెల్లారనీ."