దేవరాపల్లి నుంచి జిద్దాకు: టికెట్టు చెప్పని గంటలు

దేవరాపల్లిలో నమాజుకు నిలిచేవారి ముఖం సూటిగా పడమరకు కాక, సుమారు 12 డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి ఉండాలి. విశాఖ నుంచి జిద్దాకు ఆకాశమార్గం కూడా దాదాపు ఆ దిక్కుగానే సాగుతుంది. దూరం సుమారు 4,600 కిలోమీటర్లు. మన ప్రాంతీయులు చాలామంది హైదరాబాదు మీదుగా వెళ్తారు. అక్కడి నుంచి 4,100 కిలోమీటర్లు, ఐదున్నర నుంచి ఆరు గంటల ప్రయాణం. 1995 వరకు యాత్రికుల కోసం బొంబాయి నుంచి ఓడ నడిచేది. అందులో రోజుల తరబడి సముద్రం మీదే గడిచేది. మీఖాత్ సమీపించేసరికి అందరూ తీరికగా సిద్ధమయ్యేవారు. విమానంలో ఆ తీరిక లేదు.

ఈ మధ్య రైవాడ జలాశయం వైపు గ్రామం నుంచి వృద్ధ దంపతులు ఉమ్రా టికెట్టు పట్టుకొని మా వద్దకు వచ్చారు. బయలుదేరేది మధ్యాహ్నం 3 గంటలకు, చేరేది సాయంత్రం 6.15కు అని అందులో ఉంది. ‘‘మూడు గంటల ప్రయాణమే కదా హజ్రత్! ఇహ్రామ్ బట్టలు పెద్ద పెట్టెలో పెట్టేశాం, జిద్దాలో దిగి కట్టుకుంటాను’’ అన్నారాయన. ఆమె చక్కెర వ్యాధి మాత్రలు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయట!

టికెట్టుపై ఏ ఊరి వేళ ఆ ఊరిదే. సౌదీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. కనుక ఆ ప్రయాణం నిజానికి ఐదుంబావు గంటలు దాటి, ఐదు గంటల నలభై ఐదు నిమిషాలు. అంతకన్నా ముఖ్యం, తాయిఫ్ సమీపంలోని ఖర్నుల్ మనాజిల్ మీఖాత్‌ను విమానం జిద్దాలో దిగకముందే దాటిపోతుంది. ఉమ్రా సంకల్పంతో వెళ్లేవారు ఇహ్రామ్ లేకుండా దానిని దాటరాదు. పెద్ద పెట్టె అప్పుడు విమానం అడుగున ఉంటుంది, చేతికి అందదు. పురుషులు విమానం ఎక్కకముందే ఆ రెండు వస్త్రాలు ధరించి, ప్రకటన వినగానే నియ్యత్ చేసి లబ్బైక్ పలకడం క్షేమమని మా అభిప్రాయం. స్త్రీలకు ప్రత్యేక వస్త్రం లేదు, నియ్యత్ చాలు. మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. వాటిని ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో వైద్యుణ్ణి ముందే అడగాలి.

రమజానులో వెళ్లేవారికి మరో చిక్కు ఉంది. మన అక్షాంశాల్లో సూర్యాస్తమయం గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో పడమరకు జరుగుతుంది. విమానం వేగం అందులో సగానికి కాస్త ఎక్కువ. అందువల్ల సాయంకాలం సాగుతూనే ఉంటుంది. ఇంటి వద్ద ఇఫ్తార్ అయిపోయినా, కిటికీలో సూర్యుడు కనబడుతున్నంతసేపు ఉపవాసం విరమించరాదు. దుబాయిలోని బుర్జ్ ఖలీఫాలో 80వ అంతస్తు పైవారు రెండు నిమిషాలు, 150వ అంతస్తు పైవారు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయాలని 2011లో అక్కడి ధర్మవేత్తలు చెప్పారు. విమానం ఎగిరేది పది కిలోమీటర్ల ఎత్తున!

తిరుగు ప్రయాణంలో రాత్రి కుదించుకుపోతుంది. జిద్దాలో రాత్రి 10 గంటలకు ఎక్కినవారికి హైదరాబాదు చేరకముందే ఫజ్ర్ వేళ కావచ్చు. వుజూ చేసుకొని ఎక్కడం, కిటికీ పక్క సీటు అడగడం మేలు.