గాలి లెక్క తప్పితే

ఆ యాసంగి కోతలప్పుడు నా వ్యాను గుంజడం మానేసింది. ఖాళీగా ఉంటే బాగానే పోయేది. మనుషులు ఎక్కి ఏసీ వేశామంటే చాలు, ఎంత తొక్కినా స్పీడు పెరిగేది కాదు. పొగ లేదు, చప్పుడు లేదు. మీటరు దగ్గర ఇంజన్ లైటు కొన్నాళ్లు వెలిగేది, కొన్నాళ్లు ఆరేది.

మాది కోదాడ దగ్గర పల్లె. ఆ డీజిల్ బండి మీదే ఇల్లు గడుస్తుంది. కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లులకు హమాలీలను చేరవేస్తాను. వారంలో కొన్ని రోజులు మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి డయాలసిస్‌ వాళ్లను సూర్యాపేట తీసుకెళ్లి తీసుకొస్తాను. హమాలీల కిరాయి ఒక పూట తప్పినా సర్దుకోవచ్చు. డయాలసిస్ అలా కాదు. వారానికి రెండు మూడుసార్లు చేయించుకోవాల్సిందే. తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు.

ఒక రాత్రి సూర్యాపేట నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగొస్తున్నాం. దురాజ్‌పల్లి దాటేసరికి బండి పూర్తిగా నీరసించింది. వెనక నుంచి లారీలు హారన్లు కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోతున్నాయి. పార్కింగ్ లైట్లు వేసి ఎడమ అంచున పోనిస్తున్నాను. డయాలసిస్ అయ్యాక చాలామందికి ఒళ్లు తూలుతుంది, పిక్కలు పట్టేస్తాయి. వెనక సీట్లో ఉన్న పెద్దమ్మకు అదే అయింది. "బిడ్డా, జల్ది ఇంటికాడ దింపు, కాళ్లు గుంజుతున్నయి" అని ఆమె అంటుంటే కోడలు పిక్కలు పిసుకుతూనే ఉంది. ఆపుదామంటే చీకట్లో హైవే. పోదామంటే బండి కదలదు. మునగాల చేరాక ఇంకో బండి పిలిపించి అందరినీ అందులో ఎక్కించాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత షెడ్ల చుట్టూ తిరుగుడు మొదలైంది. ఒకచోట డీజిల్ ఫిల్టర్ మార్చారు. ఇంకోచోట ఇంజెక్టర్లు విప్పి టెస్టింగ్‌కు పంపారు. టర్బో పోయిందన్నారు మరొకరు. ప్రతిచోటా "ఇగ చూడన్నా, కొత్త బండి లెక్క పోతది" అనేవాళ్లు. ఊరు దాటకముందే మళ్లీ అదే గోస. బండి షెడ్డులో ఉన్నా ఫైనాన్స్ కిస్తు ఆగదు. ఇంట్లో కమ్మలు కుదువ పెట్టి కట్టాం. డయాలసిస్‌ వాళ్లు అప్పటికి వేరే బండి చూసుకున్నారు. వాళ్లను తప్పు పట్టలేను.

చివరికి మిర్యాలగూడలో ఒక కుర్ర మెకానిక్ పానా పట్టకముందే స్కానర్ తగిలించాడు. పి0101 అని కోడ్ వచ్చింది. గాలి కొలతలో తేడా ఉందని దానర్థం. నన్ను రేస్ ఇవ్వమని తెర మీద గాలి కొలత అంకె చూపించాడు. "చూడన్నా, పెరగాల్సినంత పెరుగుతలేదు" అన్నాడు. ఎయిర్ ఫ్లో సెన్సార్ కనెక్టర్ పీకేసి ఒక రౌండు వేసి రమ్మన్నాడు. బండి గుంజింది! సెన్సార్ మాట అందకపోతే ఇంజన్ కంప్యూటర్ తన అంచనాతో నడిపిస్తుందట. ఆ అంచనాయే సెన్సార్ లెక్కకన్నా నయంగా ఉంది.

ఈ సెన్సార్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటాక గొట్టంలో ఉంటుంది. లోపల ఒక పల్చటి పొర కరెంటుతో వేడెక్కి ఉంటుంది. వచ్చే గాలి దాన్ని చల్లారుస్తుంది. ఆ చల్లారడాన్ని బట్టి ఎంత బరువు గాలి లోపలికి వెళ్లిందో కంప్యూటర్ లెక్క కడుతుంది. మే నెల మధ్యాహ్నం గాలి పలచన, జనవరి తెల్లవారుజాము గాలి చిక్కన. అందుకే బరువు కావాలి. పొర మీద మురికి పేరుకుంటే చల్లారడం తగ్గుతుంది. గాలి తక్కువ వచ్చిందనుకుని, పొగ రాకుండా కంప్యూటర్ డీజిల్ తగ్గిస్తుంది. నా బండికి పట్టిన జబ్బు అదే.

ఇంజన్ చల్లారాక తాళంచెవి తీసి, రెండు స్క్రూలు విప్పి సెన్సార్ బయటికి తీశాడు. వెలుతురుకు పెడితే పొర మీద జిడ్డుకు అంటుకున్న బూడిదరంగు పొడి, అందులో ఇరుక్కున్న ఊక నలుసు కనిపించాయి. షెడ్డులో పిల్లవాడు కంప్రెసర్ గాలి గొట్టం అందుకోబోతే "వద్దురా, పొర పగులుతది" అని ఆపాడు. గుడ్డ తగలనివ్వలేదు, కార్బురేటర్ స్ప్రే వాడలేదు. ఈ సెన్సార్ కోసమే వచ్చే క్లీనర్ దూరం నుంచి కొట్టి, తడి పూర్తిగా ఆరాకే బిగించాడు.

బండి కొన్నాళ్లు బాగా నడిచి మళ్లీ మొరాయించింది. ఈసారి అతను ఫిల్టర్ డబ్బా విప్పాడు. ఇంతకుముందు వేరే షెడ్డులో కొలత కుదరని ఫిల్టర్ వేసి, విరిగిన క్లిప్పుతోనే మూత నొక్కి మూశారు. రబ్బరు అంచు గాడిలో కూర్చోలేదు. మిల్లుల దగ్గరి వడ్ల నూగు, బాయిలర్ బూడిద, హుజూర్‌నగర్ రోడ్డు మీది సిమెంటు దుమ్ము అంతా ఆ సందులోంచి నేరుగా లోపలికి పోయింది. సెన్సార్ ఇక కడిగినా నిలబడే స్థితిలో లేదు. పాతదాని మీది పార్ట్ నంబరుతో సరిచూసి అసలైనదే తెప్పించాడు. ముందు క్లిప్పు, సరైన ఫిల్టర్ వేసి, ఆ తర్వాతే కొత్త సెన్సార్ బిగించాడు. కోడ్ చెరిపి, మనుషులను ఎక్కించుకుని హుజూర్‌నగర్ దాకా పోయొచ్చాం. అంకె సరిగ్గా పెరిగింది.

కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ మధ్య బండ్లు తోలే అన్నదమ్ములకు నేను చెప్పేది ఇదే. కోతల కాలంలో ఫిల్టర్ డబ్బా అంచు చేత్తో తడిమి చూసుకోండి. బండి గుంజకపోతే పార్టు మార్చకముందే స్కానర్ పెట్టమనండి, అంకె చూపించమనండి. మన బండ్లలో రోగులు కూర్చుంటారు. ఏ సామాను ఎందుకు మారుస్తున్నారో అడిగి తెలుసుకోవడం వాళ్ల కోసమైనా మనం చేయాల్సిన పని.