గుర్రాల గోత్రం

నవల రాసేవాళ్ళ కష్టాలు చదివేవాళ్ళకేం తెలుస్తాయి చెప్పండి! కథానాయకుడి తండ్రికి పందెపు గుర్రాల పిచ్చి అని ఒక్క వాక్యం రాశాను. ఆ గుర్రం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోనిదే రెండో వాక్యం కలం నుంచి జారనంటుంది. చరిత్రా తెలుగూ తీసుకుని బి.ఏ. చదివినదాన్ని, క్రోమోజోములంటే ఆమడ దూరం. అయినా నెల తిరిగేసరికి నవల మూలపడింది, గుర్రాలు నెత్తికెక్కాయి.

మన మలక్‌పేటలోనైనా, లండన్ పక్కనైనా పందేల్లో పరుగెత్తేవి థరోబ్రెడ్ గుర్రాలు. ఇంగ్లండులో రూపు దిద్దుకున్న జాతి. వీటి పట్టింపుల ముందు మన పెళ్ళిచూపులు ఏపాటి? 1791లో అచ్చుకెక్కిన జనరల్ స్టడ్ బుక్ అనే వంశావళి, దాని తర్వాత వచ్చిన అలాంటి పుస్తకాలే వీటికి వేదం. తల్లీ తండ్రీ అందులో ఉంటేనే పిల్లకి జాతి పేరు.

"అయితే గుర్రాలకీ గోత్రాలున్నాయన్నమాట!" అన్నారు మా అత్తగారు.

ఉన్నాయి, మూడే మూడు! బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గోడాల్ఫిన్ అరేబియన్ అనేవి మూలపురుషులు. వై క్రోమోజోము మన గోత్రంలాగే తండ్రి నుంచి కొడుక్కే వెళుతుంది. 1704లో సిరియాలోని అలెప్పో నుంచి ఇంగ్లండు చేరిన డార్లీ అరేబియన్‌దే, నేటి థరోబ్రెడ్ మగగుర్రాల్లో నూటికి 95 వంతుల వంశం. అంటే దాదాపు ప్రతి సంబంధమూ సగోత్రమే! మా అత్తగారు చెవులు మూసుకున్నారు.

మనమేం తక్కువ తిన్నాం? గోత్రం కుదరదని ఎక్కడో ఉన్న సంబంధం వదులుకుంటాం, మేనమామ కూతుర్ని మాత్రం మేళతాళాలతో తెచ్చుకుంటాం. పది తరాలు వెనక్కి వెళితే మనిషికైనా గుర్రానికైనా 1024 మంది పూర్వుల స్థానాలుంటాయి. గోత్రం చెప్పేది అందులో ఒక్కరి సంగతి. మిగతా స్థానాల్లో అవే పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తుంటేనే చిక్కు. ఒక చెడ్డ జన్యువు అమ్మ వైపు నుంచి వస్తే, నాన్న వైపు మంచిది దాన్ని కప్పిపెడుతుంది. రెండు వైపులా ఒకే తాత అయితే కప్పేదెవరు?

2022లో వెలువడిన ఒక పరిశోధనలో ఆరువేల పైచిలుకు థరోబ్రెడ్‌లను చూశారు. ఈ రక్తసంబంధం పది శాతం పెరిగితే, గుర్రం ఒక్కసారైనా పందెంలో దిగే అవకాశం ఏడు శాతం తగ్గుతోందట. 2020లో అమెరికా జాకీ క్లబ్బు, ఆ ఏడాదీ ఆ తర్వాతా పుట్టిన మగగుర్రాన్ని ఏటా 140 ఆడగుర్రాలకు మించి జతపరచకూడదని నిబంధన పెట్టింది. పెంపకందారులు కోర్టుకెక్కారు. 2022లో క్లబ్బు దాన్ని ఎత్తేసింది. గెలిచిన గుర్రం పిల్లలే కావాలి అందరికీ!

మరి తల్లుల మాటేమిటి? 2004లో 15 జాతులకు చెందిన 52 మగగుర్రాల వై క్రోమోజోములో కొంత భాగం పరీక్షిస్తే, ఒక్క తేడా కూడా కనబడలేదు. తర్వాత ఇంకా నిశితంగా చూస్తే కొన్ని తేడాలు దొరికాయనుకోండి. తల్లి మాత్రమే ఇవ్వగల మైటోకాండ్రియా డి.ఎన్‌.ఏ.లో మాత్రం ఎన్ని రకాలో! కారణం ఇల్లు నడిపే ఆడదానికి చెప్పనక్కర్లేదు. మందకి మగగుర్రం ఒక్కటి చాలు. ఆడగుర్రం పదకొండు నెలలు మోసి ఒక్క పిల్లని కంటుంది. అందుకని మంద పెరగాలంటే ఎక్కడెక్కడి ఆడగుర్రాలనో తెచ్చి కలుపుకోక తప్పలేదు పూర్వులకి. 2013లో 36 జాతులను పోల్చినప్పుడు వైవిధ్యం ఎక్కువగా కనబడ్డవాటిలో మంగోలియా, తువా గుర్రాలున్నాయి. వంశావళి పుస్తకం మూసి తాళం వెయ్యని చోట అది.

థరోబ్రెడ్‌ల తల్లుల వరసల్ని పందొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రూస్ లో అనే ఆయన కూర్చాడు. పెద్ద పందేల్లో గెలిచిన గుర్రాల లెక్కన 43 కుటుంబాలకి నంబర్లు వేశాడు. ఒకటో నంబరు మూలమాత 'ట్రెగన్వెల్ గారి బార్బ్ ఆడగుర్రం', రెండోది 'బర్టన్ గారి బార్బ్ ఆడగుర్రం'. తండ్రులవీ యజమానుల పేర్లే అయినా, వాటికి చిత్రపటాలున్నాయి, కీర్తి ఉంది. తల్లులకి మిగిలింది నంబరు. ఆ నంబర్లూ కొన్ని తప్పేనని తర్వాత డి.ఎన్‌.ఏ. పరీక్షల్లో తేలింది.

ఇదంతా చదివాక మా అమ్మకి ఫోన్ చేసి, అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేమిటని అడిగాను. గోత్రం, ప్రవర, ఋషుల పేర్లతో సహా తడుముకోకుండా చెప్పగల మా అమ్మ కాసేపు ఆగింది.

"కైకలూరమ్మ అనేవారే అందరూ. పుట్టిల్లు కైకలూరు. అసలు పేరు... ఎవరూ పిలవగా వినలేదమ్మా" అంది.

పేరు తెలియకపోయినా ఆవిడ ఇచ్చిన మూట నా ఒంట్లో ఉంది, నా కూతురి ఒంట్లోనూ ఉంది. మీరూ ఒకసారి మీ అమ్మని అడిగి చూడండి. చెప్పగలిగినవాళ్ళు ఉండగానే అడగండి.